పేషీ రోజు

తాండూరు స్టేషన్లో వికారాబాద్ ప్యాసింజర్ కోసం ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఒకరు ఫిర్యాది, ఒకరు ముద్దాయి. 1956లో మొదలైన కేసు. ఇప్పుడు 1962. ఆరేళ్లుగా అదే రైలు, అదే కోర్టు.

చంద్రప్ప పటేల్ తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు తనే కాల్చుకున్నాడు. నాలుగు తనకు, మూడు ముద్దాయి బాల్‌రాజ్‌కు. భార్య నాగవ్వ పోయాక ఆ ఇంట్లో మరొక మనిషి కోసం పొయ్యి వెలిగేది పేషీ రోజునే.

బాల్‌రాజ్ కంపౌండరు. నాగవ్వ చివరి నెల రోజులూ ఇంటికి వచ్చి సూదులు వేసింది అతనే. మందు వేళలు చూసుకునేందుకు చంద్రప్ప తండ్రి నాటి జేబు గడియారం మంచం పక్కనే ఉండేది. ఆమె పోయిన సాయంత్రానికి అది అక్కడ లేదు. ఆ గదిలో తిరిగిన బయటి మనిషి ఒక్కడే. చంద్రప్ప పోలీసులకు ఆ పేరే చెప్పాడు.

అప్పటికి బాల్‌రాజ్ భార్య మార్త, అరేబియా తీరాన ఏడెన్‌లో నర్సు ఉద్యోగానికి ఓడెక్కి రెండు వారాలైంది. నెల తిరక్కుండా అతనూ వెళ్లాల్సినవాడు. పాస్‌పోర్టు చేతికి వచ్చింది కూడా. కేసు పడింది. జామీను మీద వదిలారు గానీ, కోర్టు అనుమతి లేనిదే దేశం దాటకూడదన్నారు. ముగ్గురు మేజిస్ట్రేట్లు మారారు. ఉన్న ఒక్క సాక్షి బీరయ్య, చంద్రప్ప దగ్గరి జీతగాడు, ఏ పేషీకీ రాలేదు. ఒకసారి జ్వరం. ఒకసారి ఎద్దు తప్పిపోయింది. ఈలోగా పాస్‌పోర్టు గడువు తీరింది. మళ్లీ ఇవ్వాలంటే కోర్టు కాగితం తెమ్మన్నారు.

రైలు ధారూర్ దాటాక చంద్రప్ప మూట విప్పాడు. మూడు రొట్టెలు కాగితంలో చుట్టి, చెయ్యి చేతికి తగలకుండా బాల్‌రాజ్ ఒళ్లోకి జారవిడిచాడు.

"తిను. కారం జర ఎక్కువేసిన, నీకిష్టమని."

"ఇయ్యాల తిన బుద్ధైతలేదు పటేలా."

బాల్‌రాజ్ జేబులోంచి ఒక కాగితం తీశాడు. పెన్సిలుతో గీసిన చిన్న పాదం. మార్త అక్కడికి వెళ్లాక పుట్టిన కూతురిది. అతనింతవరకు చూడలేదు. చెప్పుల కొలతకని ఏటా ఒకటి పంపుతుంది. అతను తాండూరులో కుట్టించి పార్సిలు చేస్తాడు.

చంద్రప్ప అలవాటుగా దాని మీద చెయ్యి పరిచాడు. నిరుడు పాదం అతని నడిమి వేలి కణుపు దగ్గరే ఆగింది. ఇప్పుడు గోరు దాకా వచ్చింది.

"పెరిగింది," అన్నాడు.

"పెరిగింది పటేలా. వచ్చే నెల మార్తకు కడుపు కోసి ఆపరేషన్ చేస్తరట. పిల్లను అర్సుకునేటోళ్లు ఎవ్వరు లేరు. ఇయ్యాల కోర్టుల నా దరఖాస్తు ఉన్నది. జడ్జి మిమ్ముల అడుగుతడు. అడ్డం లేదని ఒక్క మాట చెప్పుండ్రి. పిల్లను తీస్కొని మల్లొస్త. ఏసయ్య మీద ఒట్టు."

"అంత దూరం బోయినోడివి మల్లొస్తవా?"

"మీ గడియారం నేను తియ్యలె పటేలా. తీసినోన్నయితె ఆరేండ్ల సంది మీ రొట్టె ఎట్ల తింట?"

చంద్రప్ప కిటికీలోంచి బయటికి చూశాడు. తను కనిపిస్తే ఊళ్లో జనం లేచి నిలబడతారు. ఎవరూ పక్కన కూర్చోరు. ఇట్లా మోకాలికి ఎదురు మోకాలు పెట్టుకుని, తన నోటి వంకే చూస్తూ, తన ఒక్క మాట కోసం కాచుకునే మనిషి లోకంలో ఇతనొక్కడే.

"చూద్దాం తీ," అన్నాడు.

బాల్‌రాజ్ రొట్టె తుంచాడు.

వికారాబాద్ కోర్టులో బంట్రోతు మూడుసార్లు పేరు పిలిచాడు. మేజిస్ట్రేటు కొత్తవాడు. కాగితాలు తిప్పుతూ తల ఎత్తకుండానే అడిగాడు.

"భార్యకు ఆపరేషన్ అంటున్నాడు. ఆరు నెలలు వెళ్లనిస్తే మీకేమైనా అభ్యంతరమా?"

చంద్రప్ప బాల్‌రాజ్ వైపు చూశాడు. ఆ ముఖంలో భయం లేదు. ఆరేళ్లలో మొదటిసారి. భయం పోయిన ఆ ముఖం ఇక తన కోసం కాచుకోదని చంద్రప్పకు తెలిసిపోయింది.

"గడియారం పోతె పోయింది సాబ్," అన్నాడు. "మనిషి గూడ పోతె మల్ల దొరకడు."

దరఖాస్తు కొట్టేశారు. పేషీ వచ్చే నెల ఇరవైకి పడింది.

తిరుగు రైల్లో బాల్‌రాజ్ కిటికీ పక్కన కూర్చున్నాడు. పాదం గీసిన కాగితం అతని చేతిలో చెమటకు మెత్తబడింది.

"వచ్చే పేషీకన్న బీరయ్య వస్తడా పటేలా? కేసన్న తెగుతది."

"వస్తడు. నేనే తోల్కొస్త."

మూటలో ఒక రొట్టె మిగిలింది. చంద్రప్ప దాన్ని సగానికి విరిచి అందించాడు. బాల్‌రాజ్ తీసుకున్నాడు. ఈసారి చెయ్యి చేతికి తగిలింది. చంద్రప్ప వెనక్కి లాక్కోలేదు.

తాండూరులో దిగాక చంద్రప్ప ఎప్పటిలాగే స్టేషన్ గడియారం కింద ఆగాడు. ఆరూ పది. పెదవులు కదిపి ఆ అంకె ఒకసారి అనుకున్నాడు.

"పేషీ పేషీకి ఈడనే ఆగుతరు," అన్నాడు బాల్‌రాజ్. గొంతులో జాలి ఉంది. "పోయిన గడియారం ఇంక యాదికొస్తనే ఉన్నది పటేలా మీకు."

చంద్రప్ప నడక సాగించాడు. ఇంటికి ఇరవై నిమిషాలు. బజారులో శాంతవ్వ "కేసేమైంది పటేలా?" అని పలకరించింది. అతను ఆగలేదు, అడుగు తడబడనివ్వలేదు.

తలుపు గడియ వేసి, నాగవ్వ చీరల మడతల్లోంచి తండ్రి గడియారాన్ని తీసి, ముళ్లు ఆరున్నరకు సరిచేసి, ఆరేళ్లుగా రోజూ ఇస్తున్నట్టే దానికి కీ ఇచ్చాడు.