పటేలు పాడె ముందు

"గజ్జె కట్టినవంటే నీకు నాకు సచ్చిందాక మాటల్లేవు సాలవ్వా," అంది గౌరవ్వ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

సాలవ్వ గజ్జెలు కట్టుకుంటూనే ఉంది. పటేలు పోయాడన్న వార్త తెల్లారేసరికి ఊరంతా పాకింది. పెద్దింటి పాడె ముందు జోగిని ఆడుతూ నడవాలన్నది తాతల నాటి ఆనవాయితీ. దాని మీదే గౌరవ్వ కత్తి కట్టింది. గౌరవ్వ కూడా జోగినే. పసితనంలో దేవుడికిచ్చి పెళ్ళి చేసి, ఆ దేవుడి పేరు చెప్పి పెద్దమనుషులు వాడుకున్న బతుకు. ఆ మంటతోనే చుట్టుపక్కల జోగినులను సంఘంగా కూడగట్టి, ఎల్లారెడ్డిలో మీటింగు పెట్టి, ఇకమీద ఏ శవం ముందూ ఆడేది లేదని ఒట్టు వేయించింది. మొదట ఒట్టేసింది ఈ సాలవ్వే. ఇవాళ ఈమె ఆడిందంటే రేపు అందరినీ జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తారు. సంఘం మట్టికొట్టుకుపోతుంది.

"నీ కొడుకు ఎవనికి పుట్టిండో ఊరంత ఎరుకే. ఒక్కనాడన్న వాడు ఒప్పుకున్నడా? వాని పీనుగ ముందల ఎగురుతవా?"

"ఎగురుత. నా కొడుకే డప్పు కొడతడని కబురు గూడ పంపిన," అంది సాలవ్వ.

గౌరవ్వకు ఒళ్ళు మండిపోయింది. తల్లి ఆడటం, కొడుకు వాయించడం! ఆ కబురు విని చిన్న పటేలు తండ్రి శవం పక్కనే నవ్వాడట. సంఘం పొగరు ఎలా దిగిందో చూశారా అని వచ్చిన చుట్టాలతో గొప్పలు పోయాడట. పటేలింటి జీతగాడు వెంకటి చెప్పాడు.

పాడె లేచింది. సాలవ్వ కొడుకు, పాతికేళ్ళ మైసన్న, నిన్నటిదాకా సంఘం జెండా మోసినవాడు, తల వంచుకుని డప్పు కొట్టాడు. సాలవ్వ ఆడింది. అలా ఇలా కాదు, పూనకం వచ్చినట్టు ఆడింది. చూసేవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. గౌరవ్వ వెనకాలే నడుస్తూ, చచ్చినవాడికీ ఆడేదానికీ కలిపి శాపనార్థాలు పెట్టింది.

ఊరు దాటాక దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. పోయిన ప్రాణం తిరిగొస్తుందేమోనన్న ఆశతో కన్నబిడ్డలు ఆఖరిసారి చెవిలో పిలిచే చోటు అది. చిన్న పటేలు వంగి పిలిచి, కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. ఇంకెవరైనా ఉన్నారా అని ఒక ముసలాయన అడిగాడు.

డప్పు ఆగింది. సాలవ్వ కూడా ఆగి, చెమట తుడుచుకుని కొడుకు వైపు చూసింది. ఆమె ముఖంలో కసి తప్ప సిగ్గన్నది గౌరవ్వకు కనబడలేదు.

మైసన్న శవం మీదికి వంగి, ఊరంతా వినేలా పిలిచాడు, "బాపూ."