కుడికి చూసిన హంస

"కారు మన గుమ్మం ముందే ఆగిందండీ!" కిటికీ పక్కనుంచి ఇల్లాలు గుసగుసలాడింది.

ముద్రలు చెక్కే మాస్టారి చేతిలోంచి ఉలి జారిపోయింది. కారు దిగిన మనిషిని ఆయన పేపర్లో ఎన్నోసార్లు చూశాడు. దగ్గుమందు కంపెనీ యజమాని! సీసా మెడమీద లక్కలో ఆ కంపెనీ హంస ముద్ర ఉంటే చాలు, జనం కళ్ళు మూసుకుని కొనేస్తారు.

"నా కొంప మునిగిందే!"

"అంత జాగ్రత్త గల మనిషి, ఆ ఒక్క ముద్రా ఎలా తప్పు చెక్కారో!"

"నువ్వు తల దువ్వుకోడానికి అద్దం పట్టుకుపోబట్టే!"

ముద్రను తిరగేసి చెక్కితేనే లక్కమీద సరిగ్గా పడుతుంది. అందుకే మాస్టారు నమూనాను అద్దం ముందు పెట్టి, అద్దంలో కనిపించినట్టే చెక్కుతాడు. పాత ముద్ర అరిగిపోయింది, కొత్తది దగ్గరుండి పట్టుకెళ్తానంటూ కంపెనీ మేనేజరు వచ్చి తొందరపెట్టిన రోజున అద్దం మేడమీద ఉంది. ఏముందిలే అని నమూనా చూస్తూనే చెక్కేశాడు. అతను వెళ్ళాక బల్లమీద మిగిలిన లక్కముక్క చూస్తే, ఎడమకు చూడాల్సిన హంస కుడికి చూస్తోంది. వెళ్ళి చెప్పడానికి మొహం చెల్లలేదు. మాస్టారే తప్పు చెక్కాడంటే ఇక ఆయన గడప ఎవరు తొక్కుతారు? దాచినందుకు ఇప్పుడు జైల్లో కూడా వేయిస్తారేమోనని ఆయన భయం.

తలుపు చప్పుడైంది.

"నేను లేనని చెప్పు," అంటూ మాస్టారు తెర వెనక్కి దూరాడు.

యజమాని లోపలికొచ్చి, జేబులోంచి మందు సీసా తీసి బల్లమీద పెట్టాడు.

"ఇంత సన్నగా ఈకలు చెక్కేవాడు ఊళ్ళో ఒక్కడేనట. మీ ఆయనేనా?"

"ఆయన... ఊళ్ళో లేరండీ."

"మరి ఆ తెర కింద కాళ్ళెవరివమ్మా?"

మాస్టారు తల దించుకుని బయటికొచ్చాడు. "నా పనేనండీ. బుద్ధి గడ్డి తిని అద్దం లేకుండా చెక్కాను. ఇంకోటి ఊరికే చేసిస్తాను. పోలీసుల దాకా మాత్రం వెళ్ళకండి, మీకు దణ్ణం పెడతాను."

"ఆ ముద్రను పట్టుకెళ్ళిందెవరు?"

"మీ కంపెనీ మేనేజరునని చెప్పారండీ."

యజమాని కుర్చీలో కూలబడ్డాడు. ఇల్లాలు మంచినీళ్ళిస్తే సగం చొక్కామీదే ఒలకబోసుకున్నాడు.

"నిన్న మా మనవరాలికి ఒకటే దగ్గు. ఇంట్లో మందు అయిపోయిందని కోడలు వీధి చివర కొట్లో ఈ సీసా కొనుక్కొచ్చింది. చెంచాలో పోసి, పిల్ల నోటిదాకా తీసుకెళ్ళి... ఈ హంసను చూసి ఆగిపోయాను."

ఇల్లాలికి ఒళ్ళు మండింది. పక్షి మొహం అటుందా ఇటుందా అని చూసుకుంటూ, దగ్గే పసిదానికి మందు పోయకుండా ఆపుతారా ఎవరైనా?

"పోస్తే ఏమయ్యేదండీ? మీ మందేగా!"

యజమాని తలెత్తి ఆమెకేసి చూశాడు.

"ఇది మా మందు కాదమ్మా."