ఒక్క బీరు మూత

"కూరలో కరివేపాకు లాంటివాడికి ఏడాదికి మూడు మిలియన్ డాలర్లా! మన టీముకి మతి పోయింది."

అంటూ లాయిడ్ విసురుగా రేడియో కట్టేశాడు.

జులై ఒకటి. కెనడా జాతీయ పండగా, హాకీ టీములు ఆటగాళ్లని కొనే బేరాల పండగా ఒక్కరోజే. టీము కొత్తగా కొన్న ఆ చిట్టచివరి, నాలుగో వరస ఆటగాడి పేరు కూడా లాయిడ్ వినలేదు. జీతం మాత్రం విన్నాడు.

"స్టార్‌కి ఆస్తి రాసిచ్చినా తప్పులేదు. అడుగున ఆడేవాడికి పెడితే బూడిదలో పోసిన పన్నీరే."

"ఉపన్యాసం తర్వాత బావా, వేలానికి రా," అని పిలిచాడు అతని భార్య తమ్ముడు మార్సెల్.

ఏటా ఈ రోజు సరస్సు ఒడ్డున బావ టీముకీ బావమరిది టీముకీ హాకీ పోటీ. వేసవిలో స్కేటింగ్‌కి మంచు ఉండదు కాబట్టి తారురోడ్డు మీద బంతితో ఆట. ఇంటివాళ్లు ఉచితం. బయటివాళ్లని వేలంలో కొనాలి, డబ్బుకి బదులు కెప్టెన్‌కి పదేసి బీరు సీసా మూతలు. గెలిచినవాడికి ఏడాదిపాటు మామగారి రాగి కెటిల్.

పెళ్లయిన నాటినుంచి ఆ కెటిల్ లాయిడ్ గడప తొక్కలేదు. ఈసారీ ఓడితే కెప్టెన్‌గిరీ వదిలేస్తానని పొద్దున్నే నోరు జారాడు కూడా.

అందుకే యూనివర్సిటీలో ఆడే కోల్బీ మీద ఏకంగా తొమ్మిది మూతలు పోశాడు.

"నీకింకా ఒక మనిషి తక్కువ బావా," అని ఎగతాళి చేశాడు మార్సెల్.

సరిగ్గా అప్పుడే పక్క కాటేజీలో అద్దెకు దిగినవాడు అగ్గిపెట్టె కోసం వచ్చాడు. ఎప్పుడో విరిగి అతుక్కున్న ముక్కు.

"ఆడటం వచ్చా తమ్ముడూ?"

"కొంచెం."

"పేరు?"

"వెస్."

లాయిడ్ చివరి మూత అతని చేతిలో పెట్టాడు. "ఇదీ ఎక్కువేలే. ఏమనుకోకు."

"ఎక్కువే అన్నా," అని నవ్వాడు వెస్.

కోల్బీ గోల్స్ కొడుతుంటే ఒడ్డంతా ఈలలే. వెస్ ఒక్కటీ కొట్టలేదు. మార్సెల్ బంతి కొట్టినప్పుడల్లా ఎక్కణ్ణుంచో వచ్చి అడ్డంపడ్డాడు. మోకాలికి తగిలింది, వీపుకి తగిలింది.

"కెటిల్ కోసం చస్తావా ఏంటి?" అని కేకేశాడు లాయిడ్.

"మూత పుచ్చుకున్నాగా అన్నా!"

స్కోరు సమం. ఆఖరి నిమిషం. గోలు ముందు మార్సెల్ ఒక్కడే. బలంగా కొట్టాడు.

వెస్ రోడ్డు మీద వాలిపోయి బంతిని పక్కటెముకలతో ఆపాడు. పడ్డచోటినుంచే దాన్ని కోల్బీ వైపు తోశాడు.

గోల్!

లాయిడ్ కెటిల్‌ని పసిపిల్లలా ఎత్తుకుని గంతులేశాడు.

"ఒక్క కప్పు టీ పోస్తావా బావా?"

"క్యూలో నిలబడరా!"

అందరూ కోల్బీని భుజాలకెత్తుకున్నారు. ఆ సంబరంలో వెస్ సంగతి మరిచిపోయారు. తీరా చూస్తే పక్క కాటేజీకి తాళం.

లాయిడ్‌కి మనసు చివుక్కుమంది. "ఒక్క బర్గరైనా పెట్టలేదే! వాడికి రెండు మూతలిచ్చినా తప్పులేదు."

సాయంత్రం ఆ కెటిల్లో కాచిన టీ తాగుతూ అందరూ టీవీ ముందు చేరారు.

"మీకు మరీ ఎక్కువిచ్చారని అభిమానులు మండిపడుతున్నారు. ఏమంటారు?" అని టీము కొన్న ఆ మూడు మిలియన్ల ఆటగాణ్ణి అడుగుతోంది విలేకరి.

విరిగిన ముక్కు మనిషి జేబులోంచి బీరు మూత తీసి, నవ్వుతూ కెమెరాకి చూపించాడు. "నిజమేనండీ, మధ్యాహ్నం మా కెప్టెన్ నన్ను దీనికే కొని, ఇదీ ఎక్కువే అన్నాడు!"