పిన్నీసుల విమానం

"మరలు బిగించమంటే నిన్న ఆయ్ అన్నావు కదమ్మా?"

"అన్నానండి."

"మరి ఇవేంటి?"

"పిన్నీసులండి," అంది ఎలీసమ్మ.

అమలాపురం కాలేజీ మైదానంలో రేడియో విమానాల పోటీ జరుగుతోంది. తనిఖీకి కర్నూలు నుంచి వచ్చిన దేవదానం గారు, బల్ల మీదున్న విమానం కిందికి మరోసారి వంగి చూశారు. రెక్కలకి పొట్ట దగ్గర్నుంచి ఏటవాలుగా దన్నుగా నిలిచే ఊతపుల్లలు నాలుగున్నాయి. వాటి కొసలకి ఎనిమిది మరలు, ఎనిమిది నట్లు ఉండాలని ప్లానులో ఉంది. ఎలీసమ్మ ఆ కొసలకి తీగ రింగులు చుట్టి, ఒక్కోదాన్లో ఒక పిన్నీసు దూర్చి మూసేసింది. అంతే.

"ఆయ్ అంటే సరేనని కాదా?"

"విన్నానని అండి. మీరు చెప్పేరు, నేను విన్నాను. చేస్తానని అన్లేదండి."

పక్కనున్న రాజోలు జట్టు వాళ్ళు నవ్వారు. వాళ్ళలో వీరబాబు, జాకెట్టుకి పెట్టుకునేవి రెక్కకి పెడితే ఎలాగని అడిగాడు.

"మీ నట్టు దొరికిందాండి వీరబాబు గారూ?" అంది ఎలీసమ్మ.

విమానం పెట్టె తెరిచిన ఐదు నిమిషాల్లో అది నేల విడవాలని నిబంధన. ఇందాక అతని విమానం నట్టు ఒకటి, నువ్వుగింజంతది, గడ్డిలో పడిపోయింది. నలుగురూ మోకాళ్ళ మీద వెతుకుతుండగానే ఈల మోగింది.

పిన్నీసులు తీసి మరలు పెట్టమన్నారు దేవదానం గారు. పెట్టనంది. అయితే ఎగరనివ్వనన్నారు. ఆడపిల్లకి ఈ ఒక్కసారే అవకాశమని కాలేజీలో ముందే చెప్పేశారు. ఇవాళ ఎగరకపోతే విమానాన్ని నడిపే ఆ రేడియో పెట్టె మళ్ళీ ఆమె చేతికి రాదు. అయినా ఎలీసమ్మ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

"ఇంజను వణికితే నట్లు వదులైపోతాయండి. నేను ఏడాదిగా చూస్తున్నాను. పిన్నీసు నోరు తెరవదండి. కావాలంటే మీరే లాగి చూడండి. ఊడొస్తే విమానం నేనే ఇంటికి పట్టుకుపోతాను."

దేవదానం గారు ఒక ఊతపుల్ల పట్టుకుని గట్టిగా లాగారు. పుల్ల ఊడలేదు. విమానం మొత్తం బల్ల మీంచి లేచి ఆయన చేతికి వేలాడింది. ఆయన దాన్ని మెల్లగా కింద పెట్టి గడియారం చూసుకున్నారు. ఇంకా నిమిషం ఉంది.

ఎలీసమ్మ ఆయన అనుమతి కోసం ఆగలేదు. ఇంజను తిప్పింది. ఇంధనంలో కలిపిన ఆముదం కాలిన వాసన గుప్పున కొట్టింది. విమానం గడ్డి మీద గెంతుకుంటూ పోయి, కొబ్బరి మొవ్వుల మీదుగా లేచింది. సముద్రపు గాలికి ఎదురెళ్ళింది. రెండు చుట్లు తిరిగి, ఒక పల్టీ కొట్టి, వచ్చి ఆమె కాళ్ళకి పది గజాల దూరంలో వాలింది. రెక్క ఇంచు కూడా జరగలేదు. రాజోలు జట్టే ముందుగా చప్పట్లు కొట్టింది.

మద్రాసు నుంచి వచ్చిన జడ్జిగారు కాగితాల కట్టతో వచ్చారు. మొదటి స్థానం దీనిదేనని, రాష్ట్ర పోటీకి ఈ అమ్మాయే వెళ్తుందని అన్నారు. కళ్ళద్దాలు సర్దుకుని కింది కాగితం తీసి దేవదానం గారి వైపు తిరిగారు.

"మరలు ఎనిమిదీ సరిచూశానని నిన్న సాయంత్రమే సంతకం పెట్టారు కదా మీరు. అన్నీ ప్లాను ప్రకారమే బిగించిందా?"

నిన్న ఆమె మాట నమ్మి పెట్టిన సంతకం అది. దేవదానం గారు ఆ సంతకం వంక చూశారు. ఎండకి మెరుస్తున్న పిన్నీసుల వంక చూశారు. తల దించని ఎలీసమ్మ వంక చూశారు. తర్వాత చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అన్నారు:

"ఆయ్."