తిరుమల్ అనే వ్యక్తి

ప్రెస్‌నోట్‌లో రెండో వాక్యం దగ్గర రజిత పెన్ను ఆగింది.

"ఈ ప్రమాదంలో మేము మా కుటుంబ సభ్యుణ్ణి కోల్పోయాం."

"ఇది తీసేద్దాం సార్," అంది.

"బాగానే ఉందిగా అమ్మా? మనసున్న కంపెనీ అనుకుంటారు," అన్నారు రామభద్రరావు. నగరంలో ఆయన కడుతున్న అపార్ట్‌మెంట్ పై అంతస్తు నుంచి నిన్న ఒక ఎలక్ట్రీషియన్ పడి చనిపోయాడు.

"కుటుంబ సభ్యుడంటే మన మనిషని ఒప్పుకున్నట్టే. రేపు కోర్టులో ఈ కాగితమే చూపిస్తారు. అతను కాంట్రాక్టర్ మనిషి."

ఆ మాట కొట్టేసి, పైన 'తిరుమల్ అనే వ్యక్తి' అని రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

రామభద్రరావు ఆమెకేసి చూశారు.

"నువ్వివాళ సెలవు పెడతావనుకున్నాను."

"ప్రెస్‌మీట్ రోజు నేనెప్పుడూ పెట్టలేదు సార్."

"అందుకే పీఆర్ హెడ్ కుర్చీ నీదంటున్నా. ఈ గండం గట్టెక్కించు, చాలు."

ఇంటి నుంచి ఫోన్ మోగింది. రజిత కట్ చేసి సైలెంట్‌లో పెట్టింది.

విలేకరులకు సమోసాలు, చాయ్ ముందే పెట్టించింది. వాళ్ళ నోళ్ళు నిండుగా ఉన్నప్పుడే నోట్ చదవడం ఆమె పద్ధతి. ఒక్క మాట దగ్గరా గొంతు పెరగలేదు, తగ్గలేదు.

ముందు వరసలో కూర్చున్న లక్ష్మణ్ అనే రిపోర్టర్ చెయ్యెత్తాడు.

"మేడం, బెల్టు సుత ఇయ్యలేదంట గద?"

"ఇచ్చాం. తిరుమల్ అనే వ్యక్తి పెట్టుకోలేదు. అది అతని నిర్లక్ష్యం."

"ఇంటోళ్ళు ఊకుంటరా? శవం తెచ్చి మీ గేటు ముంగట పెడ్తే?"

"పెట్టరు."

"గంత పక్కానా?"

"నేను మాట్లాడాను. వాళ్ళు ఎవరినీ తప్పుపట్టడం లేదు."

"మేడం ఒక్కసారి చెప్పిందంటే ఎవ్వలైనా చుప్!" అన్నాడు లక్ష్మణ్. అందరూ నవ్వారు. రజిత కూడా అవసరమైనంత మేరకు నవ్వింది.

కెమెరాలు సర్దుకుని అందరూ వెళ్ళాక రామభద్రరావు దగ్గరకొచ్చారు. "శభాష్ అమ్మా! ఇంకెవరి వల్లా అయ్యేది కాదు. కారు ఇమ్మంటావా?"

"కంపెనీ బండి అక్కడ కనిపిస్తే బాగుండదు సార్," అంది రజిత. బయటికొచ్చి ఆటో పిలిచింది.

మల్కాజ్‌గిరిలో ఆమె ఆటో దిగుతుంటే, వాకిట్లో శామియానా కింద పాడె చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఎవరో గట్టిగా అరిచారు: "తిరుమల్ వాళ్ళ అక్కొచ్చింది, ఇగ లేపుండ్రి!"