నడుంలోతు నీళ్ళు

మాణిక్యం ఈసారి కూడా కాలువ గట్టు మీదే ఆగిపోయింది.

బాప్తిస్మానికి వచ్చిన మిగతావాళ్ళంతా మునిగి లేచారు. తడిసిన తెల్లబట్టలతో గట్టెక్కి, చలికి వణుకుతూనే పాట అందుకున్నారు. ఆ రేవులో నీళ్ళు నడుం దాటవు. అయినా మాణిక్యం కంటికి అవి ఉబ్బుతున్నట్టే ఉన్నాయి. ఇంకాసేపు చూస్తే లేచి మీదికొచ్చేట్టున్నాయి.

"ఏంటత్తా, పోయినేడూ ఇంతే, అంతకు ముందేడూ ఇంతే. నీకోసం ప్రభువు కాలువ ఎండగట్టాలా ఏంటి?" అంది పక్కింటి కోటిరత్నం. ఆడవాళ్ళు నవ్వారు.

మాణిక్యం నవ్వలేదు.

డెబ్బై ఏడు ఉప్పెన ఆమె మొగుణ్ణీ, ఇద్దరు కొడుకుల్లో ఒకణ్ణీ పొట్టన పెట్టుకుంది. మిగిలినవాడు యలమంద. సముద్రం చప్పుడు వినపడని చోటు కావాలని వాణ్ణి తీసుకుని రేపల్లె చేరింది. ఇప్పుడు వాడు తెనాలిలో సైకిలు షాపులో పనిచేస్తున్నాడు. సాయంత్రం రైలు కాస్త ఆలస్యమైతే చాలు, స్టేషనుకి పరుగెత్తేది. పట్టాలు తప్పిందేమో, తలుపు దగ్గర నిలబడి జారిపోయాడేమో, ఏ ఆసుపత్రిలో పడేశారో... వాడు దిగేలోపు మనసులో వాణ్ణి పాతిపెట్టి ఏడ్చేసేది కూడా. దిగగానే చొక్కా అంచు పట్టుకునేది. చెయ్యి మాత్రం ఎన్నడూ పట్టుకోలేదు.

రాజారత్నంగారు పంచె పిండుకుంటూ గట్టెక్కారు. ఆ సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు ఆయన.

"నీళ్ళంటే భయమా అమ్మా?"

"భయమేనండి. కానీ అదొక్కటే కాదు. నాకు అర్హత లేదయ్యగారూ."

"ఎవరికుందమ్మా?"

మాణిక్యం చుట్టూ చూసింది. యలమంద దూరంగా బడ్డీ దగ్గర పాస్టరుగారికి టీ పోయిస్తున్నాడు. గొంతు తగ్గించింది.

"ఆ రోజు ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకున్నానండి. నీళ్ళు మెడదాకా వచ్చినయ్యి. కొట్టుకుపోతా ఉంటే తాడిచెట్టు తగిలింది. దాన్ని పట్టుకోవాలంటే ఒక చెయ్యి ఖాళీ కావాలి. ఒకణ్ణి వదిలేశాను. అల లాక్కుపోయిందని అందరికీ చెప్పాను. అల కాదండి. వాడు వదలకపోతే నేనే వేళ్ళు విప్పాను."

పాస్టరుగారు పిండుతున్న పంచె వదిలేశారు.

"రెండోవాణ్ణి మాత్రం ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, నీళ్ళు తీశాక ఊళ్ళోవాళ్ళొచ్చి నా చెయ్యి విడదీయాల్సొచ్చింది."

"ఊరుకో అమ్మా."

"వదిలేసినవాడు రోజూ కళ్ళముందే ఉంటాడండి. అన్నానికి కూచుంటే ఎదురుగా ఉంటాడు. పడుకుంటే వాడి ఊపిరి వినపడుద్ది. మొహం ఎత్తి చూడలేను. ఒక్క మాటా అడగడు. ఎందుకొదిలావని అడిగినా బాగుండును."

రాజారత్నంగారు బడ్డీకేసి చూశారు. "ఈ సంగతి యలమందకి తెలుసా?"

"అమ్మో, చెప్పకండయ్యగారూ! తెలిస్తే నా చేతి కూడు తినడు."

ఆయన నీళ్ళకేసి చెయ్యి చూపించారు.

"తప్పు లేనివాళ్ళకి ఈ నీళ్ళతో పనేంటమ్మా? కడుక్కుని రమ్మనలేదు ప్రభువు, ఉన్నట్టే రమ్మన్నాడు. నీది అమ్మ చెయ్యి. దేవుడి చెయ్యి కాదు. అది జారుద్ది, వదులుద్ది. ఆ మాట ఒప్పుకుని దిగు, చాలు."

మాణిక్యం తన అరచేతులు చూసుకుంది. దేవుడి చెయ్యి కాదు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెకి ఆ మాట చెప్పలేదు.

యలమంద టీ తెచ్చిచ్చాడు. తల్లి మొహం చూశాడు. ఏమీ అడగకుండా చొక్కా విప్పి గట్టు మీద పడేసి, నీళ్ళలోకి దిగి చెయ్యి చాపాడు.

"రా అమ్మా."

అలవాటుగా చొక్కా అంచు కోసం వెతికింది. లేదు. పట్టుకోవడానికి చెయ్యి తప్ప ఇంకేమీ లేదు.

పట్టుకుంది. పట్టుకుని దిగింది. చల్లదనం మోకాళ్ళకొచ్చింది, నడుముకొచ్చింది. చెవుల్లో ఆనాటి హోరు మొదలైంది. గోళ్ళు దిగబడేంతగా ఆ చేతిని బిగించింది.

రాజారత్నంగారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఇక వాడి చెయ్యి వదులమ్మా. రెండు చేతులూ గుండె మీద పెట్టుకోవాలి."

"వదలను."

"మాణిక్యమ్మా..."

"నీళ్ళలో వదలనయ్యగారూ! చంపినా వదలను!"

గట్టు మీద పాట ఆగిపోయింది.

యలమంద వంగి, ఆమెకొక్కదానికే వినపడేలా అన్నాడు:

"వదిలెయ్యమ్మా, నాకేం కాదు, ఆ రోజు తాడిచెట్టు కోసం నువ్వు నా వేళ్ళు విప్పినప్పుడు మాత్రం ఏమైంది?"