పుల్పిట్ మెట్లు

"నేను రానే. ఒంట్లో బాగోలేదని చెప్పెయ్యి," అన్నారు పాస్టరుగారు. సెమినరీ గెస్ట్‌హౌస్‌లో మంచం మీద, ఒక కాలికి బూటు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

"నేను చెప్పను," అంది పాస్టరమ్మ. "ఇంత దూరం రైలెక్కి వచ్చింది మంచం మీద కూర్చోడానికా?"

"ఆ అవార్డు ముట్టుకునే అర్హత నాకు లేదు."

"ఉందో లేదో తర్వాత చూద్దాం. ముందు ఆ బూటు వేసుకోండి."

ఆయన కదల్లేదు. వందలమంది ముందు గుక్క తిప్పుకోకుండా వాక్యం చెప్పిన మనిషి, బూటు లేసు ముందు ఓడిపోయాడు. పాస్టరమ్మ కింద కూర్చుని తనే లేసు కట్టింది. జాలిపడి అనుకునేరు, ఆలస్యమవుతోందని.

"మిమ్మల్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు," అంది తలెత్తకుండా. "ఇవాళైనా మన పిల్ల గురించి నలుగురి ముందూ ఒక్క మాట చెప్పండి. నాకింకేం అక్కర్లేదు."



ఆ పిల్ల వాళ్ళకి ఒక్కగానొక్కతి. ఇదే సెమినరీలో పాస్టర్ల చదువు చదివింది. ప్రసంగ పోటీలో మగపిల్లలందర్నీ వెనక్కి నెట్టి మొదటి బహుమతి కొట్టేసింది. చదువు పూర్తయి ఇంటికొచ్చిన మొదటి ఆదివారం, "నాన్నా, ఇవాళ నేను వాక్యం చెప్పనా?" అని అడిగింది.

"సండేస్కూలు పిల్లలకి చెప్పుకో. పుల్పిట్ ఆడవాళ్ళు ఎక్కేది కాదు," అన్నారాయన.

వాళ్ళ చర్చిలో వాక్యం చెప్పే ఆ వేదికకి, పుల్పిట్‌కి, ఉన్న మెట్లు గట్టిగా నాలుగుంటాయేమో. ఆ నాలుగూ ఎక్కనివ్వలేదు. మొండితనంలో పిల్ల తండ్రిని మించింది. మర్నాడు పొద్దున్నే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయన కూతురి పేరెత్తలేదు, కూతురు ఆయన గడప తొక్కలేదు. తల్లితో మాత్రం ఫోన్లో మాట్లాడేది. ఇద్దరి పంతాల మధ్యా పాస్టరమ్మ నలిగిపోయింది. ఆ కోపం ఆమెకి ఇప్పటికీ తగ్గలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి సెమినరీ చాపెల్‌లో ప్రార్థన బెంచీలన్నీ నిండిపోయాయి. గుమ్మంలోనే పాస్టరుగారి క్లాస్‌మేట్ ఎదురొచ్చాడు. "ఒరేయ్ బక్కోడా" అంటూ ఆయన్ని పెళ్ళిలోనూ ఏడిపించాడు, రిటైర్మెంటు సభలోనూ ఏడిపించాడు. ఇవాళ మాత్రం రెండు చేతులూ పట్టుకుని, "ధైర్యంగా ఉండరా," అని పక్కకి తప్పుకున్నాడు.

ముందు వరసలో కూర్చోబెట్టారు. ప్రిన్సిపాల్ ప్రశంసాపత్రం విప్పాడు.

"పేరు మీ అందరికీ తెలిసిందే. మన పూర్వ విద్యార్థుల్లో పరిచర్యకి ఇంత వన్నె తెచ్చినవాళ్ళు అరుదు. జైలుకి వెళ్ళి ఖైదీల పక్కన మోకరించారు. దిక్కులేని శవాలకి ప్రార్థన చేసి సమాధి చేయించారు. అంటువ్యాధి వార్డులోకి వెళ్ళడానికి అందరూ జంకుతున్న రోజుల్లో, రోగుల మంచాల దగ్గరే కూర్చున్నారు. అయినవాళ్ళు రాలేని చోట ఆ చేతులు పట్టుకున్నారు."

చప్పట్లు మోగాయి. ఒక్కో మాటకీ పాస్టరుగారి తల ఇంకాస్త కిందికి వాలిపోతోంది. పాస్టరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఊరందరికీ చోటున్న ఆయన చర్చిలో కన్నకూతురికి చోటు లేకపోయిందే అనుకుంది.

ఆ సెమినరీలో ఒక ఆనవాయితీ ఉంది. అవార్డు కోసం పిలిచిన మనిషి పుల్పిట్ ఎక్కి కాసేపు వాక్యం చెప్పాలి. ఆ తర్వాతే అవార్డు చేతికిస్తారు.

"అయ్యగారూ, రండి," పిలిచాడు ప్రిన్సిపాల్.

పాస్టరుగారు వెళ్ళారు. మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. ఎందుకో మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

"పైకి రండి అయ్యగారూ. మైకు ఇక్కడుంది."

"వద్దు బాబూ. కిందే ఉంటాను."

"అది కాదండీ, ఆనవాయితీ..."

"తెలుసు. నేనూ ఇక్కడ చదివినవాణ్ణే. కానీ ఆ మెట్లు ఎక్కాల్సిన మనిషిని నేను కాదు."

ప్రిన్సిపాల్ మెట్లు దిగి పక్కన నిలబడ్డాడు. పాస్టరుగారు జనంవైపు తిరిగారు. మైకు లేకపోయినా ఆ గొంతు చివరి బెంచీ దాకా వినబడింది.

"నాకొక కూతురు. నాకంటే బాగా వాక్యం చెప్పేది. నేనే చెప్పనివ్వలేదు."

చెబుతూనే ఏడ్చేశారు. ఇంతమందిలో ఆయన అలా ఏడవడం పాస్టరమ్మ ఎన్నడూ చూడలేదు. ఆయన పుల్పిట్‌కేసి తిరిగి, చిన్నపిల్లని బుజ్జగిస్తున్నట్టు అన్నారు.

"ఇవాళ నువ్వు చెప్పు తల్లీ. నాన్న కింద కూర్చుని వింటాడు."

నిజంగానే అక్కడే నేల మీద కూర్చున్నారు. జనం ఆ ఖాళీ పుల్పిట్‌నే చూస్తున్నారు. పాస్టరమ్మ లేచి వెళ్ళి భర్త పక్కన చతికిలబడింది. ఆయన చెయ్యి చల్లగా ఉంది. దాన్ని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఇన్నాళ్ళ కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

ప్రిన్సిపాల్ దగ్గరికొచ్చి, వాళ్ళ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మీ అమ్మాయి బతికుంటే తనే అందుకునేది అయ్యగారూ," అంటూ అవార్డు ఆయన ఒళ్ళో పెట్టాడు.